డ్రమ్మువాడి కోటు

మా బావ కొత్తవాళ్లను కలిస్తే ముందు నోరు చూస్తాడు, తర్వాతే కళ్లు. నలభై మూడేళ్లు పళ్ల సెట్లు చేసిన మనిషి మరి. డాక్టరు కాదు. డాక్టరు అచ్చు తీసి పంపిస్తే వెనకగదిలో కూర్చుని మైనంతో, పింగాణీతో పళ్లు కట్టేవాడు. పళ్లన్నీ తెల్లగా ఉంటాయని మనం అనుకుంటాం. ఆయన దగ్గర తెలుపులోనే పదహారు రకాలు వరసగా గుచ్చిన పట్టీ ఒకటి ఉండేది. మా అక్కతో పెళ్లయిన వారానికే దాన్ని నా నోటి దగ్గర పెట్టి, "బావమరిదీ, నీది పదకొండో నంబరు. ఇంకో నంబరు దిగితే గుర్రాల్లో కలిపేస్తారు" అన్నాడు. నేను ఊరుకుంటానా? "గుర్రాన్ని చేసుకున్నది మా అక్క, నేను కాదు" అన్నాను. అలా మొదలైన సరసం నలభై ఏళ్లుగా సాగుతోంది.

పని లేని రోజున ఆయనకు ఇంకో పని ఉండేది. కిటికీ పక్క బల్ల మీద భూతద్దం బిగించుకుని, రెండు వేళ్ల ఎత్తు సీసపు సైనికుల బొమ్మలకు రంగులు వేసేవాడు. అన్నీ పద్దెనిమిదో శతాబ్దం నాటి సైనికులే. ఆ కాలపు కోటు తమాషా మీకు తెలియాలి. కోటు ఒక రంగు. కాలరు, చేతి మడతలు, ఛాతీ మీది మడతలు ఇంకో రంగు. ఆ రెండో రంగును బట్టే ఎవడు ఏ పటాలంవాడో తెలుస్తుంది. గుండీలు కొందరికి ఒక్కొక్కటిగా ఉంటాయి, కొందరికి జంటలుగా. మామూలు సిపాయి ఎరుపు వేరు, ఆఫీసరు ఎరుపు వేరు. సిపాయి కోటుకు మొక్క వేళ్ల రంగు, అది ఇటుకపొడిలా ఉంటుంది. ఆఫీసరు కోటుకు పురుగుల్ని ఎండబెట్టి నూరిన రంగు, అది నిప్పులా ఉంటుంది. ఇవన్నీ తేలేదాకా బావ కుంచె తడపడు. ఒక్క బొమ్మ కోసం ఆరు నెలలు ఉత్తరాలు రాసిన సందర్భాలున్నాయి. అందుకే మా ఇళ్లల్లో ఆయన పేరు గుండీల బావ.

ఒకసారి పన్నెండు మంది సైనికులు పూర్తయ్యాక, ఆ పటాలానికి గుండీలు జంటలుగా ఉండాలని ఏదో పుస్తకంలో కనబడింది. పన్నెండు మందినీ తీసి రంగు కరిగే నూనెలో ముంచేశాడు. మా అక్క గుమ్మంలో నిలబడి చూసి, "పిల్లలకి ఒక్కరోజు కూడా స్నానం చేయించలేదు మహానుభావుడు. వీళ్లకి మాత్రం తలంటు" అంది.

"ఎవరు చూస్తారు బావా, అంత చిన్న గుండీ?" అన్నాను.

"వాడు చూస్తాడు" అన్నాడు, నూనెలో మునిగిన బొమ్మను చూపించి.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదని చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది.

ఆయన ఉద్యోగం మానేసిన రోజున నేనొక తుంటరి పని చేశాను. నేను చేసే పనుల్లో తుంటరివి కానివి ఏవని మీరు అడగొచ్చు. చిన్నప్పుడు మా బడి సిస్టర్లు నా చేతివ్రాత చూసి మురిసిపోయి, ఆ చేత్తో రాసిన అబద్ధాలు చూసి మోకాళ్ల మీద నిలబెట్టేవారు. సరే, ఆ రోజున పాతసామాన్ల అంగట్లో రంగు వేయని సీసపు బొమ్మ ఒకటి దొరికింది. నడుముకు డ్రమ్ము, చేతుల్లో పుల్లలు, మీసం కూడా మొలవని ముఖం. దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్లాను.

"బావా, నీ పటాలంలో అందరూ తుపాకీవాళ్లే. బ్యాండు లేకుండా ఎన్నాళ్లు నడుస్తారు పాపం? ఇదిగో."

బావ కాగితం విప్పాడు. బొమ్మ నోరు చూశాడు, అలవాటుకొద్దీ. తర్వాత దాన్ని అద్దాల బీరువాలో పెట్టి ముఖం గోడకి తిప్పాడు. "భోజనానికి రా" అన్నాడు. పెరుగు నాకు వడ్డించబోయి బల్లమీద వడ్డించాడు.

నెలన్నర తర్వాత మా అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, ఏం తెచ్చి పెట్టావురా మా ఇంట్లో?"

"బొమ్మే కదే."

"బొమ్మ నీ మొహంలా ఉంది. ఆయన దాన్ని గోడకి తిప్పి పెడతారా, సాయంత్రానికల్లా అది గదిలోకి తిరిగి చూస్తూ ఉంటుంది. నేను తుడవలేదు, ఆయన ముట్టలేదు. నిన్న మధ్యాహ్నం నేను చూస్తూండగానే ఇంత పక్కకి జరిగింది."

"కింద రోడ్డు మీద లారీలు పోతాయి కదా అక్కా. అద్దం అదురుతుంది. అదిరితే బొమ్మ తిరుగుతుంది."

"మిగతా నలభై ఆరుమంది ఎందుకు తిరగరు మరి? లారీలంటే వాళ్లకి భయం లేదా?"

డ్రమ్ము బరువు ఒకవైపుకు ఉండటం వల్ల అని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం రెండు గంటల ఎండలో నా వీపు చల్లబడింది.

వెళ్లాను. బావ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. డ్రమ్ము కుర్రాడు ఆయన ముందు ఉన్నాడు. పక్కన ఒక నలుపు తెలుపు ఫోటో.

"కూర్చో. దీన్ని తెచ్చినందుకు నీకు చెప్పాలి" అన్నాడు.

ఆయనకొక తమ్ముడు ఉండేవాడనీ, లాంచీ మునిగి చనిపోయాడనీ మా అందరికీ తెలుసు. అది మా అక్క కాపురానికి రాకముందు సంగతి. ఆ కుర్రాడు డ్రమ్ము వాయించేవాడని మాత్రం నాకు తెలియదు. తెలిసుంటే ఆ బొమ్మను అంగట్లోనే వదిలి వచ్చేవాణ్ని.

అప్పట్లో ఊరేగింపు దళం అని ఒకటి ఉండేది. యుద్ధం చేసేది కాదు. పెద్ద పెద్ద సందర్భాల్లో రెండు వందల ఏళ్ల నాటి కోట్లు తొడుక్కుని నడిచేది, అంతే. తమ్ముడు పద్దెనిమిదో ఏట అందులో చేరాడు. చేరిన నెలకు ఒక ఫోటో పంపాడు. ఇంకో నెలకు నదీముఖం దగ్గర దళమంతా ఎక్కిన లాంచీ బోల్తా కొట్టింది.

"ఆరో రోజున నన్ను పిలిచారు" అన్నాడు బావ. "అమ్మ లేవలేని స్థితిలో ఉంది. 'నా బిడ్డని తీసుకురా' అని ఒకటే మాట. వెళ్లాను. రేవు దగ్గర గోదాము. అందర్నీ ఎవరివాళ్లు వాళ్లు తీసుకెళ్లిపోయారు, ఒక్కడు మిగిలాడు. గుమాస్తా కాగితం చూసి, 'రెండు పేర్లున్నాయి, మనిషి ఒక్కడే. రెండో ఆయన తాలూకు వాళ్లు దూరం నుంచి రావాలి, రేపు వస్తారు. మీవాడేనా చూడండి' అన్నాడు. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. ముఖం మీద ఇంకో గుడ్డ. కోటు చెయ్యి ఒకటి బయటికి ఉంది, ఛాతీ దగ్గర కొంచెం కనబడుతోంది. ఎర్ర కోటు. పసుపు మడత. మడత మీద మూడు గుండీలు. 'గుడ్డ తియ్యమంటారా?' అన్నాడు."

ఆగాడు. కింద లారీ పోయింది. బీరువా అద్దాలు గలగలమన్నాయి.

"వద్దన్నాను."

నేను కుర్చీ ఆయన దగ్గరకి జరుపుకున్నాను.

"వాడి ముందు పన్ను నేనే కట్టానురా. చిన్నప్పుడు మెట్ల మీద పడి సగం విరిగితే, పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను కట్టిన మొదటి పన్ను అది. రంగు కుదరలేదు, కాస్త ఎక్కువ తెలుపొచ్చింది. వేల నోళ్లలో ఉన్నా గుర్తుపట్టేవాణ్ని. పెదవి ఎత్తి చూస్తే చాలు. అర నిమిషం పని. నాకు ధైర్యం చాలలేదు. కోటు చూసి 'మావాడే' అన్నాను. అమ్మ దగ్గరకి ఖాళీ చేతులతో ఎలా వెళ్లను?"

ఇప్పుడర్థమైందా, ఆయన గుండీలు ఎందుకు లెక్కపెడతాడో? ప్రపంచంలో ఉన్న ప్రతి పటాలం కోటూ తిరగేశాడు, ఆ ఒక్క దళం కోటు తప్ప. ఆ ప్రమాదం తర్వాత దళాన్నే ఎత్తేశారు. బతికినవాళ్లు ఎటో చెదిరిపోయారు. అడగాలంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు దొరికేవారే. ఆయన అడగలేదు. ప్రతి ఏడూ ఆ తారీకున సమాధి దగ్గరకి వెళ్లి, పక్కన కూర్చుని, ఆ ఏటి సంగతులన్నీ చెప్పి వచ్చేవాడు.

"ఇప్పుడీ బొమ్మ వచ్చింది. దీనికి వాడి రంగులే వేస్తాను. వెయ్యాలంటే ఆ దళం డ్రమ్మువాడి కోటు ఎలా ఉండేదో గుండీతో సహా తెలియాలి. నేను చూసిన కోటుతో అది సరిపోతే, నేను తెచ్చింది మావాణ్నే. హాయిగా పడుకుంటాను."

"సరిపోకపోతే?"

బావ ఫోటో నా వైపు తోశాడు. నడుముకు డ్రమ్ము, నవ్వు ఆపుకుంటున్న ముఖం. ఎండలో తీసినట్టుంది, కోటు పాలిపోయి బూడిదరంగులో ఉంది. కాలరు మాత్రం నల్లగా పడింది.

"ఎరుపే, ఎండకి అలా తెల్లగా పడింది" అన్నాడు బావ, నేనేమీ అడక్కుండానే.

ఆ తర్వాతి మూడు నెలలు ఆయన వెంట తిరిగాను. నేను తెచ్చిన దయ్యం కదా, నేనే మోయాలి. గ్రంథాలయం పై అంతస్తులో ఎత్తు కిటికీల కింద పొడవాటి బల్ల. బావ దాని మీద పాత అచ్చుబొమ్మల పుస్తకాలు పరిచి, కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాడు. నేను పక్కన కూర్చుని ఆవలించేవాణ్ని. అచ్చుబొమ్మలతో చిక్కేమిటంటే, అవన్నీ నల్లగీతలతో అచ్చయినవి. రంగులు తర్వాత చేత్తో అద్దారు. అద్దేవాడి దగ్గర ఆ పూట ఏ రంగు మిగిలితే ఆ రంగు. ఒకే సైనికుడు ఒక ప్రతిలో ఆకుపచ్చ కోటుతో, ఇంకో ప్రతిలో నీలం కోటుతో కనిపించాడు.

"నమ్మడానికి లేదు" అనేవాడు బావ. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖం కాస్త తేరుకునేది.

ఒక మధ్యాహ్నం ఆయన వేలు ఒక పేజీ మీద ఆగిపోయింది. పొగలో నిలబడ్డ పటాలం. అందరూ నీలం కోట్లలో ఉన్నారు. మధ్యలో డ్రమ్ము కుర్రాడు మాత్రం తెల్ల కోటు, నీలం మడతలు.

"ఇదేంటి బావా, వీడొక్కడు వేరేగా ఉన్నాడు?"

"కొన్ని సైన్యాల్లో అంతే. డ్రమ్మువాడికి రంగులు తిరగేస్తారు. మిగతావాళ్ల మడతల రంగు వీడి కోటుకి, మిగతావాళ్ల కోటు రంగు వీడి మడతలకి." గబగబా చెప్పాడు. "అన్ని సైన్యాల్లో కాదు. కొన్నింట్లో అందరికీ ఒకటే. చాలావాటిలో ఒకటే."

"ఈ దళానికి?"

"చాలావాటిలో ఒకటేనన్నానా లేదా?" అని పుస్తకం మూశాడు. గ్రంథాలయం ఆవిడ తలెత్తి చూసేంత గట్టిగా మూశాడు.

ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసన్నమాట. రంగులు తిరగేసే పద్ధతి ఒకటుందని తెలిసే, తన బీరువాలోకి డ్రమ్మువాణ్ని రానివ్వలేదు.

ఆ వారంలో మా అక్క మళ్లీ ఫోను చేసింది. ఈసారి తిట్టలేదు. గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆయన కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేస్తున్నారు. ఎవరికండీ అంటే 'చూడ్డానికి బాగుంటుందని' అంటున్నారు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ కుర్చీ మీద తను కూర్చోబోతే తడిగా తగిలిందట. నేను గోరంతలు కొండంతలు చేస్తానని మా వాళ్లందరికీ తెలుసు. కానీ ఈ తడి నాది కాదు, మా అక్కది. ఆవిడ జన్మలో కథ చెప్పలేదు. ఉతికిన బట్టలు పెట్టి మర్చిపోయి ఉంటుందని నేనన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది.

దళానికి కోట్లు కుట్టిన దర్జీ కొట్టు ఇంకా ఉందని చివరికి నేనే కనిపెట్టాను. కనిపెట్టినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను, మెచ్చుకుంటూనూ ఉంటాను.

ఇరుకు సందులో రెండు మెట్లు దిగితే కొట్టు. లోపల ఇస్త్రీ ఆవిరి వాసన. ఒక ముసలావిడ మెడలో కొలత టేపు వేసుకుని, పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది. దళం దర్జీకి కూతురట. బావ ఆవిడ నోరు చూసి, అలవాటు చొప్పున సూదులు లెక్కపెట్టి ఉంటాడు.

"ఊరేగింపు దళమా!" సూదులు తీసి దిండుకు గుచ్చింది. "ఎన్నాళ్లకి అడిగారు బాబూ. ఇరవయ్యేళ్లలో మీరే మొదలు. నాటకాలవాళ్లా?"

"బొమ్మలవాళ్లం" అన్నాను నేను. "ఈయన గుండీల ఇన్‌స్పెక్టరు."

ఆవిడ నవ్వి, అలమర పైనుంచి ఒక లావుపాటి పుస్తకం దింపింది. పేజీకొక గుడ్డముక్క కుట్టి ఉంది, కింద కొలతలు. దుమ్ము దులిపి తిప్పడం మొదలుపెట్టింది. నేను బావ వైపు చూడలేదు. ఆయన రెండు చేతులూ బల్ల అంచును పట్టుకుని ఉండటం మాత్రం కనబడింది.

"ఇదిగో సిపాయి. ఎర్ర కోటు, పసుపు మడతలు. చేతి మడతకి మూడు గుండీలు. ఇది ఆఫీసరు, ఎరుపు ఎంత మెరుస్తుందో చూడండి. ఇక మీకు కావలసింది... ఆఁ, డ్రమ్మువాళ్లు."

పసుపు గుడ్డ. దాని మూలకి చిన్న ఎర్రముక్క.

"వీళ్లకి తిరగేసి కుట్టేవాళ్లం. నాన్న చెప్పేవాడు, వెనకటికి యుద్ధంలో అంతా పొగే కదా, ఆజ్ఞ చెప్పాలంటే డ్రమ్ము వాయించాలి. ఆఫీసరుకి ఆ గందరగోళంలో డ్రమ్ము కుర్రాడు చప్పున కనబడాలని అలా వేసేవాళ్లట. తప్పిపోకుండా అన్నమాట."

"అందరు డ్రమ్మువాళ్లకీనా?" అన్నాడు బావ. "కొత్తగా చేరినవాళ్లకి ముందు మామూలు కోటు ఇచ్చి..."

"అబ్బే. చేరిన రోజునే కొలతలు తీసేవాళ్లం. ఆఖరి ఏడాది చేరినవాడికి పసుపుకోటు చేతులు నేనే కుట్టాను. పొడుగు చేతులు, సన్నంగా ఉండేవాడు. కుడుతున్నంతసేపూ బల్ల మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నాడు. సూది గుచ్చుతానని బెదిరించాను." ఆవిడ నవ్వింది. అప్పుడు చూసినట్టుంది బావ ముఖం. "కూర్చోండి బాబూ. మంచినీళ్లు తెస్తాను."

ఆవిడ నవ్విన నవ్వు అక్కడే, ఆ గుడ్డముక్కల మీద ఆగిపోయింది.

బస్సులో బావ కిటికీ పక్క కూర్చున్నాడు. నాలుగు స్టాపులు దాటాక అన్నాడు:

"ఒరేయ్."

"చెప్పు బావా."

"అమ్మ పోయినప్పుడు వెళ్లి చెప్పాను. మీ అక్కతో మొదటి ఏడాదంతా రోజూ పోట్లాటే, అదీ చెప్పాను. రెండోవాడు పరీక్ష తప్పితే కొట్టాను, చేయి నొప్పిపుట్టేదాకా. అది ఎవరికీ చెప్పలేదు, అక్కడ చెప్పాను. నీ గురించి కూడా చెప్పాను, వెధవ అని." అద్దం వైపు తిరిగాడు. "నలభై ఒక్క ఏళ్లు మా ఇంటి గుట్టంతా ఎవరికి చెప్పానురా నేను?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం టికెట్టు ముక్కను నాలుగు మడతలు పెట్టాను.

ఆయన తొమ్మిది రోజుల్లో బొమ్మ పూర్తి చేశాడు. పసుపు కోటు, ఎర్ర మడతలు, చేతి మడతకి మూడు గుండీలు. పసుపు ఎన్ని పూతలు వేసినా కింది సీసం కనబడుతూనే ఉంటుందనీ, అందుకే దాన్నంటే రంగులవాళ్లకు హడలనీ ఆయనే ఒకప్పుడు చెప్పాడు. పదకొండు పూతలు వేశాడు. నోరు తెరిచి ఉన్న బొమ్మ కాదు, పన్ను వేసే వీలులేదు. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడని మా అక్క చెప్పింది. తమ్ముడికి సమాధి లేదని ఆ బొమ్మ పూర్తయ్యాకే ఆయనకు తెలిసొచ్చింది. లాంచీ మునిగిన చోటు నుంచి నడిసముద్రం ఎంత దూరమో మా అక్కని అడిగాడట. "నాకేం తెలుసండీ" అని ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చుంది. అది తడిగా ఉందో లేదో చెప్పలేదు. భోజనాలయ్యేదాకా అందులోంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను వచ్చింది.

"రెండో పేరు నాకు తెలుసురా" అన్నాడు బావ. "గుమాస్తా చదివినప్పుడు విన్నాను. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. వాళ్లకి చెప్పాలి."

"ఇన్నేళ్ల తర్వాతా? కేకలేస్తారు బావా. కొట్టినా కొడతారు."

"కొట్టనీ. నువ్వు రా. మధ్యలో నిలబడుదువుగాని."

ఆ రెండో పేరున్న సిపాయి తాలూకు మనిషి ఒక్కత్తే మిగిలింది, చెల్లెలు. టెలిఫోను ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసి మానేసింది. రెండు గదుల వాటా, మూడో అంతస్తు. తలుపు తీసి, ఇద్దరు ముసలివాళ్లు ఆయాసపడుతూ నిలబడి ఉంటే చూసి, "వినికిడి మిషన్లు అమ్మేవాళ్లా? నాకు బాగానే వినబడుతుంది" అంది.

బావ గుమ్మంలోనే చెప్పేశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోదాము, గుడ్డ, గుమాస్తా అడిగింది, తానన్నది, కోటు రంగు. ఒక్క మాట కూడా తనకు అనుకూలంగా తిప్పుకోలేదు. అమ్మ మంచంలో ఉందన్న మాట నేనే అందించబోతే చేత్తో ఆపేశాడు.

ఆవిడ అంతా వింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. వినడం ఆవిడ వృత్తి.

"మేము మర్నాడు వచ్చాం" అంది చివరికి. "నాన్నా నేనూ. రెండు బస్సులు మారి. గోదాము కడిగేస్తున్నారు. 'ఎవరూ మిగల్లేదమ్మా, మీవాడు దొరకలేదు' అన్నారు. నాన్న ఆ నీళ్లు కాలికి తగలకుండా పక్కకి జరిగాడు. అది గుర్తుంది నాకు." తలుపు గడియ వైపు చూసి, "చచ్చేదాకా ఆయన తలుపు గడియ వేయనివ్వలేదు. తెలుసా మీకు? దొంగలు పడతారు నాన్నా అంటే, పడనీ అనేవాడు."

"తిట్టండమ్మా" అన్నాడు బావ.

"తిడతాను. అంత తేలిగ్గా వదులుతానా? ముందు మా అన్నయ్యని చూపించండి."

ముగ్గురం వెళ్లాం. చలికాలం పొద్దు, పల్చటి ఎండ. వరసలో నాలుగోది ఆ సమాధి. రాతి మీద బావ తమ్ముడి పేరు. దానికి ఎడమపక్కన గడ్డి మొలవని చోటు ఒకటి ఉంది. ఒక మనిషి ఏడాదికోసారి కూర్చుంటే నేల అలా అరగదు. నెలకోసారి వచ్చేవాడేమో, ఎవరికీ తెలియకుండా. ఆ సంగతి అడగలేదు.

ఆవిడ రాయి మీది పేరు చదివింది. అక్షరాల మీద చేయి వేసి, పొరపాటున ఇంకెవరి ఇంటి తలుపో తట్టినట్టు చప్పున తీసేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చుట్టూ చూసి, "శుభ్రంగానే ఉంచారు" అంది.

"పేరు మార్పిస్తాను. రేపే" అన్నాడు బావ.

"మార్పిద్దురుగాని. మీ తమ్ముడి పేరుకి చోటెక్కడ మరి?"

బావ రాయి అంచుల్లో ఖాళీ వెతికాడు. గాలి లేదు. అయినా వెనక ఎవరో నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టు అనిపించి నేను తిరిగి చూశాను. చెట్ల వరస, మట్టిదారి, అంతే. బావ కూడా అటే చూస్తున్నాడు.

"మీరు ఇక్కడికొచ్చి మాట్లాడేవారన్నారు కదూ" అంది ఆవిడ. "ఎక్కడ కూర్చునేవారు?"

గడ్డిలేని చోటు చూపించాడు.

"ఎడమపక్కనా?"

"ఆఁ. ఎప్పుడూ ఇక్కడే."

ఆవిడ మొదటిసారి నవ్వింది. అంత బాధలోంచి అలాంటి నవ్వు రావడం నేను ఇంకెక్కడా చూడలేదు.

"మా అన్నయ్యకి ఎడమ చెవి వినబడదండీ. దళంలో చేరేటప్పుడు దాచాడు. అటు నుంచి ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. ఏమీ వినేవాడు కాదు."

బావ అలాగే నిలబడ్డాడు. నలభై ఒక్క ఏళ్ల గుట్టూ ఎక్కడికీ పోకుండా తిరిగి ఆయన మీదే పడినట్టుంది.

"ఇటు రండి" అంది ఆవిడ. సమాధికి కుడివైపున చీర కుచ్చెళ్లు సర్దుకుని కూర్చుని, పక్కన మట్టిని అరచేత్తో తుడిచింది. "ఇటు కూర్చోండి. మొదటి ఏటి నుంచి చెప్పండి. నేనూ వింటాను. మా ఇంటి గడియ సంగతి తర్వాత నేను చెబుతాను, మీవాడు ఎక్కడున్నా వినేలా గట్టిగా."

బావ నా భుజం పట్టుకుని మెల్లిగా కూలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ నీ కోటు ఉతికి పెట్టమంది" అని మొదలుపెట్టి, ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి ఆగాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

"ఊఁ" అంది. "కానివ్వండి, వింటున్నాడు."